గ్లాసు వాసన చూసే నర్సమ్మ

మా ఆయన పోయాక నేను మందుకు మరిగాను. చివరికి మోవా అనే పేటలో, తాగుడు మానిన ఆడవాళ్లు నిలదొక్కుకునేదాకా ఉండే ఇంట్లో పడ్డాను. నా పక్క మంచం ఆమెది. ఒకప్పుడు ఆసుపత్రిలో నర్సు కాబట్టి నర్సమ్మ అనేవాళ్లం. భీమవరం వైపు క్రైస్తవులు. ఏ గ్లాసు ఇచ్చినా ముందు వాసన చూసేది, మంచినీళ్లయినా సరే.

"విషం కలిపానా ఏంటే?" అని తిట్టేదాన్ని.

"నా ముక్కే నాకు చౌకీదార్ వదినా," అనేది.

ఏడాదిన్నరగా ఆమె చుక్క ముట్టలేదు. ఒక ఆదివారం ఆమె కొడుకొచ్చాడు. చర్చి అయ్యాక అటునుంచి అటే దేవేంద్ర నగర్‌లో తన ఇంటికి తీసుకుపోతానన్నాడు. మనవరాలిని ఆమె ఇంకా ఎత్తుకోనే లేదు. పెట్టె సర్దుకుని, నాచేత జడ వేయించుకుని మరీ వెళ్లింది.

మధ్యాహ్నానికే పెట్టెతో సహా మా గేటు దగ్గర దింపేసి పోయాడు.

చర్చిలో ప్రభువు బల్ల, అంటే ప్రభువు పేరున అందరికీ రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చారట. రొట్టె తీసుకుంది. గిన్నె అందుకుని వాసన చూసింది. ఉత్త ద్రాక్షరసం కాదు, నిజం వైనే. పెదవికి తగలనివ్వకుండా పక్కామెకు అందించింది. వాళ్లలో బల్ల దగ్గర వెనక్కి తగ్గితే, లోపల పాపం దాచుకున్నట్టే లెక్క. "మళ్లీ మొదలెట్టావా అమ్మా?" అన్నాడట కొడుకు.

"మానేశాను కాబట్టే తాగలేదని చెప్పలేకపోయావా?" అని అరిచాను.

"చెప్పాను వదినా. అయితే ఊదమన్నాడు, మెట్ల మీద, అందరి ముందర. ఊదాను. ఏమీ లేదని వాడికీ తెలిసింది. పిల్లను మాత్రం నా చేతికివ్వలేదు."