కింది గొంతు

మా పై అంతస్తు ఫ్లాట్‌లో గోడలకు సున్నం పూత వేయిస్తున్నారు. ఈమధ్య అదో ముచ్చటట. కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్ళ వాసన, తీపీ వగరూ కలిసి, మెట్ల మీదుగా మా గుమ్మం దాకా దిగుతోంది. మిగిలిన అర బకెట్టు నీళ్ళు మోరీలో పారబోస్తుంటే చూస్తూ ఊరుకోలేక ఆ పనివాళ్ళను నాలుగు కేకలేశాను. నా చిన్నతనంలో ఇళ్ళ కప్పులు ఆ నీళ్ళు తాగితేనే గట్టిపడేవి.

ఇప్పుడు అద్దాల ఆఫీసులు నిలబడ్డ ఈ చోట అప్పుడు బండరాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. శేరిలింగంపల్లి చుట్టుపక్కల ఎక్కడ డాబా వేసినా మా అమ్మ నర్సమ్మ, చిన్నమ్మ బాలమణి పనికి పోయేవాళ్ళు. అక్కాచెల్లెళ్ళిద్దరూ అన్నదమ్ములను చేసుకొని ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఎండాకాలం పొద్దున్నే జొన్నరొట్టె, ఉల్లిగడ్డ మూట కట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని బయలుదేరేవాళ్ళు. ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి కప్పు మీద పరిచాక, ఆడవాళ్ళు వరుసగా కూర్చొని, ఆ నీళ్ళు చల్లుకుంటూ చెక్కలతో కొట్టేవాళ్ళు. కొట్టగా కొట్టగా చెక్క దిగకుండా ఎగిరిపడాలి. అందరి దెబ్బా ఒక్కసారి పడాలి, లేకపోతే మెత్తగా మిగిలిన చోట వానకు కారుతుంది. దెబ్బను కలిపి ఉంచేది పాటే.

పాటలు అమ్మ కట్టేది. కంటికి కనబడ్డదే పాట. ఒకనాడు మిట్టమధ్యాహ్నం గుట్ట వైపు చూసి, ‘గుట్ట మీద ఎండ వచ్చి కూసున్నదమ్మా, గొడుగులేని పిల్ల ఏడున్నదమ్మా’ అని ఎత్తుకుంది.

చిన్నమ్మ చెక్క ఆపింది. “అక్కా, ‘వచ్చి’ ఎందుకే? అది రాకుంటనే కూసున్నదా? ఆ మాటకాడ నా చెక్క గాలిల వేలాడుతున్నది.”

ఆ ఒక్క మాట తీసేసి పాడితే దెబ్బ సరిగ్గా వచ్చి పడింది. అంతటితో ఆగలేదు చిన్నమ్మ. అమ్మ గొంతు మెట్టు మెట్టుగా పైకెక్కుతుంటే, తను మాత్రం కిందనే ఉండి అవే మాటలను దాదాపు ఒక్క స్వరం మీదే నడిపించేది. చివరి ‘అమ్మా’ దగ్గర రెండు గొంతులూ కలిసేవి, అక్కడే అందరి చెక్కలూ పడేవి. ఒంటరిగా వింటే చిన్నమ్మది పాటలాగే ఉండేది కాదు. అది లేకపోతే అమ్మది నిలిచేది కాదు.

ఆ పాట మియాపూర్ దాకా పాకింది. అక్కడి పనివాళ్ళు ‘నర్సమ్మ పాట’ అంటున్నారని తెలిసిన రోజు చిన్నమ్మ రొట్టె ముట్టలేదు.

“మాటలు నావే గద, నా పేరే చెప్తరు,” అంది అమ్మ.

“అయితే నీ పాట నువ్వే పాడుకో,” అంది చిన్నమ్మ.

ఆ తర్వాత ఒకే ఇంట్లో ఉండి, పొయ్యిలోకి నిప్పు కావాలన్నా నన్నే మధ్యన తిప్పారు. పాటతో పాటు ఇల్లు కూడా రెండవుతుందేమోనని నాకు గుబులు.

అప్పుడే మా ఊరి బడికి కప్పు వేసే పని వచ్చింది. చిన్నమ్మ నోరు మెదపకుండా ఆ చివరన కూర్చుంది. అమ్మ పంతంగా నన్ను పక్కన కూర్చోబెట్టుకొని కింది గొంతు అందుకొమ్మంది. నేను కిందనే మొదలుపెట్టేదాన్ని, అమ్మ పైకి ఎక్కగానే ఆమె కొంగు పట్టుకున్నట్టు నేనూ ఎక్కేసేదాన్ని. సగం మంది నా వెనక, సగం మంది అమ్మ వెనక కొట్టారు. కప్పంతా వడగండ్లు పడ్డట్టు చప్పుడు.

“ఏంది నర్సమ్మా, గిదేం కొట్టుడు? వానొస్తే పోరగాండ్లు తడుస్తరు. రేపటికెల్లి వేరే మందిని పిలుస్త!” అని మేస్త్రి అరిచాడు.

అమ్మ ముఖం మాడిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది, నేను మళ్ళీ ఎక్కాను.

“ఏయ్ పోరీ, మీదికురుకకు! కింద కూసో!” అని ఆ చివర నుంచి కేక. నన్ను తిట్టిన నోటితోనే చిన్నమ్మ పాట అందుకుంది. చెక్కలన్నీ ఒక్కటయ్యాయి.

కప్పు పూర్తయిన రోజు ఊరివాళ్ళు రొట్టె, బెల్లం కలిపి పిసికిన మలీద ముద్దలు పంచారు. కొత్తగా వచ్చిన ఒకామె ఆ పాట ఎవరిదని అడిగింది. అమ్మ తన ముద్దలోంచి సగం విరిచి, చిన్నమ్మ వైపు చూడకుండానే ఆమె చేతిలో పెట్టింది. “మాటలు నావి. అండ్లకెల్లి ఒకటి మా బాలమణి తీసేసింది. తీసినంకనే అది పాటయింది,” అంది.

“ముద్దల బెల్లం తక్కువైంది,” అంది చిన్నమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ కప్పు కింద నేను చదివింది రెండేళ్ళే. మిగతా ఎండాకాలాలన్నీ చిన్నమ్మ పక్కన కూర్చొని కింది గొంతు పట్టాను. ఇప్పుడు కప్పులు మిషన్లు పోస్తున్నాయి, వాటి రొదలో పాడేవాళ్ళు లేరు. అమ్మా లేదు, చిన్నమ్మా లేదు, బడి ఉన్నచోట ఏముందో గుర్తుపట్టలేను. మొన్న మనవరాలు ఫోను నా ముందు పెట్టి పాడమంది. పాడాను.

“గిదేంది నానమ్మా, ఉన్నకాడనే ఉన్నది? దీని మీద ఇంకో గొంతు ఉండేదని నువ్వే చెప్పినవు గద, అది పాడు,” అంది.

అమ్మ గొంతు రోజూ వింటున్నదే కదా అని ఎన్నడూ నేర్చుకోలేదు. నోరు తెరిచి పైకి ఎత్తబోయాను. గొంతు తనంతట తానే కిందికి దిగి, చిన్నమ్మ పక్కన కూర్చుంది.