పెద్దమ్మ ముఖం వాచిన ఏడాది

మొన్న కాశీబుగ్గలో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన ఒక నడివయసు మనిషి మండుటెండలో చీర చెంగు నిండా కప్పుకుని కూర్చుంది. ముఖం కాస్త ఉబ్బి ఉంది. అంతే, ఆమెను ఎన్నడూ చూసి ఎరగని ఇద్దరు ఆడవాళ్లు, "కిడ్నీయేనమ్మా, ఇంకేటి! మొకం సూత్తే తెలీడం నేదా?" అని తీర్పు చెప్పేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. "మీరేమైనా డాక్టర్లా?" అని గట్టిగానే అడిగాను. "థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకో తల్లీ" అని ఆమెకు చెప్పి బస్సెక్కాను గానీ, టెక్కలిలో దిగేదాకా నా కోపం తగ్గలేదు. అసలు కోపం వాళ్లిద్దరి మీద కాదు. మా పెద్దమ్మ విషయంలో మావాళ్లు వెలగబెట్టిన నిర్వాకం మీద.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఉద్దానంలో కొబ్బరిచెట్ల మధ్య ఇల్లు. ఆవిడ పెరట్లోంచి పిలిస్తే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగిపోయేవారు, అంత గొంతు. ఆ ఏడాది ఆ గొంతు బొంగురుపోయింది. ముఖం వాచింది, కాళ్లు బరువెక్కాయి, తల దువ్వితే జుట్టు చేతికొచ్చేసేది. జీడిపిక్కలు ఏరడానికి వెళ్లి చెట్టు కిందే కునికిపాట్లు పడేది. మే నెలలో దుప్పటి కప్పుకుని, "ఓలమ్మా, సలేత్తందే" అనేది. ఆ మాట ఒక్కరూ చెవిని వేసుకోలేదు. మా ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు లేదని నేననను. మా వీధిలోనే ఎందరిని మోసుకెళ్లారో నాకు తెలుసు. ఆ భయం మా ఎముకల్లో ఉంది. కానీ భయం ఉన్నవాళ్లు మంచి డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి కదా! మావాళ్లు ఊళ్లో సూదులు వేసే ఆయన దగ్గరకు తీసుకెళ్లారు. రక్త పరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త ఎక్కువ వచ్చింది. ఆయన పెదవి విరిచాడు. మా పెదనాన్న అరుగు మీద కూలబడ్డాడు.

ఇక చూడాలి, పరామర్శల సంబరం! హార్లిక్స్ సీసాలతో, యాపిల్ పళ్లతో బంధువులు దిగిపోయారు. ఆవిడకు ఉప్పు బందు, పప్పు బందు, చుట్టూ అన్ని చెట్లుండగా కొబ్బరినీళ్లు బందు. తెచ్చిన పళ్లు తెచ్చినవాళ్లే కోసుకు తింటూ, ఎవరెవరు ఎలా పోయారో ఆవిడ ఎదురుగానే వర్ణించేవారు. సిగ్గుండాలి మనుషులకి! వాళ్లలో ఒకావిడ, "కల్లుండగానే కూతురు పెల్లి సూసుకోవాల కదేటొదినా" అని ఒక మాట విసిరి పోయింది. మావైపు అదొక ఆనవాయితీ అయిపోయింది. ఇంట్లో ఒకరికి కిడ్నీ అన్నారంటే పిల్లలకు గబగబా మూడుముళ్లు వేయించేస్తారు. మా చెల్లి, అంటే పెద్దమ్మ కూతురు, శ్రీకాకుళంలో నర్సింగ్ చదువుతోంది. ఇంకొక్క ఏడాది ఉంది. పెట్టె సర్దించి ఇంటికి తెచ్చి, సంబంధం ఖాయం చేసేశారు.

పెళ్లి చీరలు కొనాలని పెద్దమ్మ టెక్కలిలో మా ఇంటికి వచ్చింది. కొట్లోనే కళ్లు తిరిగి కూర్చుండిపోతే దగ్గర్లో ఉన్న డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. ఆవిడ పెద్దమ్మ కాలి మీద బొటనవేలితో నొక్కింది. కిడ్నీ వాపైతే గుంట పడాలట, పడలేదు. మెడ తడిమి చూసి, "మీ గొంతు ముందు నుంచీ ఇంతేనా?" అని అడిగింది. ఏడాదిలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి! రక్తం మళ్లీ పరీక్షకు పంపారు. థైరాయిడ్ గ్రంథి దాదాపు పని మానేసిందట. ఆ హార్మోను తగ్గితే క్రియాటినిన్ కూడా కొంచెం పెరుగుతుందట. రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకుంటే చాలు, కొన్నాళ్లకు అన్నీ సర్దుకుంటాయి అంది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "అయితే నాను సావనా? మరింక పెల్లెందుకే, పిల్లని సదువుకోనీరా?" అంది.

ఆ మాటే నేను ఫోనులో పెదనాన్నకు చెప్పాను, పెళ్లి ఆపమన్నాను. ఆయన, "సుబలేకలు పంచేసినాం. మొగపెల్లోరికి ఏటని సెప్పమంటావు? మాయావిడి సావదంట, అందుకని పెల్లొద్దని సెప్పాలా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. మనిషి బతుకుతుందన్న కబురు ఆ ఇంట్లో ఇబ్బందిగా తయారైంది! వెళ్లి పోట్లాడాను. మేనమామలు నన్ను పక్కకు లాగారు. చెల్లి పీటల మీద కూర్చుంది.

చలికాలం వచ్చేసరికి పెద్దమ్మ ముఖం మామూలైంది, గొంతు తిరిగొచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ థైరాయిడ్ చూపించుకోవడానికి టెక్కలి వస్తుంది. క్రితంసారి రక్తం తీసిన నర్సమ్మ చెల్లితో కలిసి చదివిన పిల్లే. "పెద్దమ్మా, మా క్లాసులో అదే ఫస్టు. ఇప్పుడు ఏ ఆసుపత్రిలో చేస్తోంది?" అని సంతోషంగా అడిగింది. పెద్దమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, "నాను సచ్చిపోతానని దాని సదువు మానిపించేసినారు. నాను బతికే ఉన్నాను గదే! దానికి నా మొకం ఎలా సూపించీది?" అంటూ భోరుమంది. ఆవిడ కాలం ఆవిడకు తిరిగొచ్చింది. చెల్లి పెళ్లి ఒక్క ఏడాది ఆపి ఉంటే దాని చదువు పూర్తయ్యేది, ఆ ఒక్క ఏడాదీ ఇవ్వడానికి మా ఇంట్లో ఎవరికీ మనసు రాలేదు.