తాళాలు పుచ్చుకునే చెయ్యి

ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. అసలు పేరు భార్య ఎలాగూ పలకదు, మిగతావాళ్ళు ఎప్పుడో మర్చిపోయారు. సముద్రం ఒడ్డున ఆ పెద్ద హోటల్ ధగధగా వెలిగిన రోజుల్లో గదుల తాళాలన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. కొత్త దంపతులైనా సరే, కోట్లకి పడగలెత్తినవాళ్ళైనా సరే, ఆయన ముందు చెయ్యి చాపాల్సిందే. తాళం అరచేతిలో పెట్టి, వాళ్ళ వేళ్ళు మూసుకునేదాకా చూసేవాడు. బల్ల మీద గిరాటెయ్యడం ఆయన ఒంట్లో లేదు.

హోటల్ మూతపడ్డ రోజు యజమాని పెద్దాయన గుత్తి మొత్తం ఈయనకిచ్చి, "మా పిల్లల్లో ఎవరి చేతిలోనైనా పెట్టాకే కదులు" అన్నాడు. అన్నవాడు ఏడాది తిరక్కుండా పోయాడు. కొడుకూ కూతురూ కోర్టుకెక్కారు. ఇద్దరికీ హోటల్ కావాలి, తాళాలు మాత్రం వద్దు. రేపు ఆ పాత గోడ కూలి ఎవడి నెత్తినైనా పడితే, తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్ళదే పూచీ అని లాయర్లు చెవిలో ఊదారు మరి. అలా వంటింటి వెనక గదిలో తాళాలాయన కుడితిలో పడ్డ ఎలుకలా ఉండిపోయాడు.

ఉండిపోవడమంటే ఊరికే కూర్చోవడం కాదు. కింది అంతస్తులో డాన్సు హాలుంది. అందులోకి సముద్రం ఊరుతుంది. పూటకోసారి మోటారు వెయ్యకపోతే మోకాళ్ళ లోతు నీళ్ళు. అందుకని ఒకరు ఊరెళితే ఒకరు కాపలా. హోటల్ మూతపడ్డాక మొగుడూ పెళ్ళాం కలిసి ఆ గేటు దాటిందే లేదు. మీరిద్దరూ మాటలు మానేశారా అని చుట్టాలు ఆటపట్టించేవాళ్ళు. ఆఖరికి తమ కూతురి పెళ్ళి కూడా ఆ హోటల్ భోజనాల హాల్లోనే చేశారు. అక్షింతల వేళకి పిల్ల తండ్రి ఏడని వెతికితే, కింద మోటారు దగ్గర దొరికాడు. ఆ సంగతి భార్య ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇప్పుడు ఆ కూతురే ఫోన్ చేసింది. "నాన్నా, వచ్చే వారం మేం ఇక్కణ్ణుంచి దూరం వెళ్ళిపోతున్నాం. మళ్ళీ ఎప్పటికొస్తామో. ఒక్కసారి అమ్మా నువ్వూ కలిసి రండి. నీ మనవరాలు నడుస్తోంది." ఈ తాతేమో ఆ పిల్లని ఫొటోలోనే చూశాడు. వస్తానని మాటిచ్చాడు.

మర్నాడు గుత్తి సంచిలో వేసుకుని పెద్దాయన కొడుకు ఆఫీసుకి వెళ్ళాడు. అతను ఎదురొచ్చి కూర్చోబెట్టి, "నువ్వున్నావన్న ధైర్యమేనయ్యా మాది" అన్నాడు. గుత్తి ముందుకి చాపేసరికి టీ కప్పుని రెండు చేతులతో పట్టుకున్నాడు. టీ అయిపోయినా కప్పు వదల్లేదు. అక్కణ్ణుంచి పెద్దాయన కూతురింటికి వెళితే, గోళ్ళకి రంగేసుకున్నాను, ఇంకా ఆరలేదు అంది ఆవిడ. ఆరేదాకా కూర్చుంటానన్నాడు తాళాలాయన. ఆవిడ లోపలికెళ్ళి మరి రాలేదు.

ఇంటికొచ్చేసరికి భార్య సంచీ సర్దుకుని డాన్సు హాలు మెట్ల మీద కూర్చునుంది.

"ఎవరూ పుచ్చుకోలేదు కదూ?"

"లేదే."

"ఇలా ఇవ్వండి," అని చెయ్యి చాపింది.

చాపిన చెయ్యి కనబడితే ఆయన మరి ఆలోచించడు. గుత్తి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసుకునేదాకా చూశాడు. ఆమె లేచి దాన్ని కింది నీళ్ళలోకి విసిరేసింది.

"పెద్దాయనకి మాటిచ్చింది మీరు. నేనెవరికీ ఇవ్వలేదు. పదండి, బస్సొచ్చే వేళయింది."

ఆయన గుండె ఒక్కసారి దూదిపింజలా తేలికైంది. తాళాలు పోయాయి. ఇంక అడిగేవాడు లేడు, ఇచ్చేది లేదు. మనవరాలు తన వేలు పట్టుకుని నడవడం కళ్ళకి కట్టింది కూడా. అంతలోనే నోరు జారాడు.

"మోటారేస్తే గంటలో బయటపడతాయే."

ఆమె ఆయన వైపు తిరిగింది. తిట్టలేదు. తిట్టినా బాగుండునని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో.

"వేసుకోండి," అంది. "పిల్లకి ఏం చెప్పమంటారు?"

ఆమె సంచీ అందుకుని, గేటు బార్లా తీసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. పరిగెత్తితే అందుకునేవాడే. అయినా చెయ్యి స్విచ్చు మీదికి పోయింది.

నీళ్ళు తగ్గి గుత్తి కనబడేసరికి బస్సు వెళ్ళిపోయిన చప్పుడు కూడా అయిపోయింది. ఒక్కో తాళాన్నీ చొక్కా కొసతో తుడుచుకుంటూ గేటు దగ్గరికి నడిచాడు. దారంతా ఖాళీ. ఇంక ఇంట్లో మరో మనిషి లేదు, ఒకరు ఊరెళితే ఒకరు కాపలా ఉండడానికైనా. తాళం బయటినుంచి వెయ్యాలా, లోపలినుంచి వెయ్యాలా అని కాసేపు నిలబడ్డాడు. లోపలినుంచే వేసుకున్నాడు.