బావ ఇచ్చిన నాలుగు కాగితాలు

మా అక్క భర్త పదిహేను రోజుల క్రితం పాల్మాకులలో చనిపోయారు. ఉదయం పనికి బయల్దేరుతూ, చెప్పులు తొడుక్కుంటూ వరండాలో కూలబడ్డారు. శంషాబాద్ దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదు. డాక్టరు గుండెపోటు అని రాశారు. నేనూ అంతే రాస్తున్నాను. తెలియని కారణాన్ని తెలిసినట్టు రాయడం నా వృత్తిలో తప్పు. తెలిసినవి దాచడం కూడా తప్పే.

నేను విలేకరినైన కొత్తలో బావ నా వార్తలు చదివి ఒకటే అడిగేవారు: "నువ్వు చూసినవా, ఎవరన్న చెప్పిన్రా?" ఆ ప్రశ్నకు నేను ఇప్పటికీ రుణపడే ఉన్నాను.

ఆయన విమానాశ్రయం దగ్గర మందుల కోల్డ్ స్టోరేజీలో స్టాక్ చూసేవారు. ఏ పెట్టె ఏ అరలో ఉందో, ఏది ముందు బయటికి పోవాలో చెప్పేది అక్కడి పాత సాఫ్ట్‌వేరే. సేద్యం చేసే ఇంట్లో పుట్టి, నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకున్న మనిషి. రెండు వేళ్లతోనే టైపు చేసేవారు.

ఒకరోజు ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే మార్చి తర్వాత అది చెడినా తాము బాగుచేయబోమని దాని సారాంశం. బావ నాలుగు కాగితాల మీద ప్రణాళిక రాసి మేనేజరుకు ఇచ్చారు. కొత్తది తేవాలి, నెల రోజులు రెండూ పక్కపక్కన నడపాలి, ఆ తర్వాతే పాతది ఆపాలి. "కొత్త బోరుల నీళ్లు చూసినంకనే పాత బోరు మోటరు గుంజుతం గదా, గిదీ గంతే" అని నాకు విడమరిచి చెప్పారు.

మేనేజరు కాదనలేదు. నా కోపమంతా అక్కడే. ఆషాఢంలో కొత్త పని వద్దన్నారు. శ్రావణంలో సరుకు ఎక్కువన్నారు. దసరాకు ఆయుధపూజ చేసి, ఆ ముసలి కంప్యూటర్‌కే బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు.

"దీనికి బొట్టు పెట్టుడు కాదు సార్, దినాలు జేసుడుంది" అన్నారట బావ.

"పండుగ పూట గవేం మాటలయ్యా!" అని మేనేజరు కసిరారట.

పుష్యం రాగానే శూన్యమాసం అన్నారు. మార్చి ఎవరి కోసమూ ఆగలేదు. ఇది చదువుతున్న మీ ఆఫీసులోనూ అలాంటి ఉత్తరం ఏదో ఒక సొరుగులో ఉండే ఉంటుంది. వెతకండి.

ఎండాకాలంలో ఒక ఉదయం కంప్యూటర్ తెర తెల్లగా నిలిచిపోయింది. ఫోన్ చేస్తే, కంపెనీవాళ్లు ఉత్తరంలోని మాటే మళ్లీ చెప్పారు. బయట లారీలు బారులు తీరాయి. బావ మూడు రోజులు ఆ చలిగదుల్లో తిరిగి, పెట్టెల మీది చీటీలు ఒక్కొక్కటే చదివి రాసుకున్నారు. ఒక్క పెట్టె కూడా తప్పు లారీ ఎక్కలేదు. నాలుగో రోజు బయటినుంచి వచ్చిన కంప్యూటర్ మెకానిక్ పాత సాఫ్ట్‌వేర్‌ను ఎలాగో లేపాడు. అదీ బావ ప్రతి శనివారం తీసిపెట్టిన బ్యాకప్‌తోనే.

ఐదో రోజు బావకు మెమో ఇచ్చారు. ముందుగా హెచ్చరించలేదట. నిర్లక్ష్యమట.

"ఇన్నేండ్లల నా మీద ఒక్క రిమార్కు లేదు. గా ఒక్క మాట కొట్టేపియ్యి, చాలు" అన్నారు నాతో. తర్వాత ఆయన గొంతు వినలేదు.

నాలుగు కాగితాల నకలు అక్క దగ్గరుంది. దాని మీద ఆఫీసు ముద్ర, అందినట్టు మేనేజరు సంతకం ఉన్నాయి. మెమోకు దాదాపు ఏడాది ముందటి తేదీ ఉంది. నేను చూశాను.

పదో రోజున మేనేజరు పెద్ద పూలదండతో వచ్చారు. "అన్న మా ఆఫీసుకు పెద్దదిక్కు అక్కా" అన్నారు. అక్క ఆ కాగితాలు ఆయన చేతిలో పెట్టింది.

"గీ సంతకం మీదేనా సార్?"

"నాదే అక్కా."

"మరి చెప్పలేదని ఎట్ల రాసిన్రు?"

"పైనోళ్లు రాయమన్నరు. జర కార్యం కానియ్యిండ్రి, మాట్లాడుకుందం."

"దండ తీస్కపోండ్రి సార్. మెమో వాపస్ తీస్కున్నంక రండ్రి."

ఇది రాసే సమయానికి మెమో వాపసు కాలేదు.

మొన్న ఆ గోదాము గేటు దగ్గరికి వెళ్లాను. కొత్త సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు. పాతదానిలో ఆపరేటర్ పేరు మార్చడం అక్కడ ఎవరికీ తెలియదు. మార్చగల కంపెనీ ఇక రాదు. ఒక లారీ డ్రైవరు తన గేట్‌పాస్ చూపించాడు. ఆ ఉదయమే అచ్చయింది. కింద "తయారుచేసినవారు" అన్నచోట బావ పేరుంది. కాపలాదారు దానిమీద ముద్ర కొట్టి, గేటు తీశాడు. లారీ మందులతో రోడ్డెక్కింది. దాని వెనక ఇంకో లారీ, చేతిలో అదే పేరున్న కాగితంతో ఇంకో డ్రైవరు.