సీ తిజానీ వెనకనడక

సీ తిజానీకి లోకంలో ఏదీ మొదటి నుంచి చివరికి నడవదు, చివరి నుంచి మొదటికే నడుస్తుంది. స్ఫాక్స్ ఊళ్ళో మా బళ్ళో ఆయన లెక్కల మాస్టారు; పేరు ముందు 'సీ' అంటే మా దగ్గర 'గారు' అన్నట్టు. నేను రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. టీచర్ల గదిలో ఆయన పక్క కుర్చీ నాది కావడం వల్ల లోకాన్ని తలకిందులుగా చూడటం నాకూ కొంత అలవాటైంది.

విలోమ ప్రమేయం చెప్పే రోజు ఆయన కుర్చీలో కూర్చుని, కాలు బల్లమీద పెట్టేవాడు. పొద్దున ముందు మేజోడు, తర్వాత బూటు వేసుకున్నాం కదా, సాయంత్రం ముందు ఏది విప్పుతాం అని అడిగేవాడు. బూటు అనేవాళ్ళు పిల్లలు. "అంతే! చివర చేసింది ముందు విప్పాలి. విలోమమంటే ఇదే," అంటూ బూటూ మేజోడూ విప్పి చూపించేవాడు. ఆ పాఠం రోజు ముందు బెంచీల్లో కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

ఒకసారి బడి గేటు దగ్గర ఎవరో పెద్దమనిషి స్టేషనుకు దారి అడిగాడు. స్టేషను నుంచి ఇక్కడికి ఎలా రావాలో సీ తిజానీ వివరంగా చెప్పి, "దీన్ని తిరగేసుకోండి, కుడిని ఎడమ చేసుకోవడం మరచిపోకండి," అన్నాడు. ఆ పెద్దమనిషి చేపల బజారులో తేలాడని తర్వాత తెలిసింది.

ఇంట్లోనూ అంతే. నేను భోజనానికి వెళ్ళిన రోజు గోధుమరవ్వతో వండిన కుస్కుసు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చివర వేసింది శనగలు, అంతకుముందు గుమ్మడికాయ, అంతకుముందు ఉప్పు, ఇంకా ముందు మళ్ళీ ఉప్పు అని తేల్చాడు. ఆయన భార్య మన్నూబియా గరిటె కింద పెట్టి, "అయితే ఆ రెండో ఉప్పును వెనక్కి తియ్యండి మరి, చూస్తాను," అంది. ఆయన కళ్ళు తెరిచి పళ్ళెం ఖాళీ చేశాడు.

పాలు కలిపిన కాఫీ మాత్రం ముట్టేవాడు కాదు. కలిశాక విడదీయలేనిదాన్ని, ఒలికాక ఎత్తలేనిదాన్ని తాగనని ఆయన నియమం. పైన్ గింజలు తేలే పుదీనా టీ అయితే కనీసం గింజలైనా ఏరుకోవచ్చట. మరి అందులోని చక్కెర సంగతేమిటని నేనడిగితే ఆయనకు చెవుడొచ్చేది.

ఆ ఏడాది పరీక్షలో ఆయన ఒక ప్రశ్న ఇచ్చాడు. ఒక సంఖ్యను రెండింతలు చేసి నాలుగు కలిపితే పన్నెండు వచ్చింది, ఆ సంఖ్య ఏది? జవాబు నాలుగు. పక్కపక్కన కూర్చున్న దొర్సాఫ్, నెజ్లా ఇద్దరూ రెండు అని రాశారు. ఎలా వచ్చిందో ఇద్దరూ రాయలేదు. ఇది కాపీయేనని మా హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ వసీలా పట్టుబట్టింది. నెజ్లా మీద అప్పటికే ఒక హెచ్చరిక ఉంది. ఇంకోసారి దొరికితే ఆ పిల్ల బడి మానేసి తల్లితోపాటు బాదంకాయలు కొట్టే షెడ్డుకు పోవాల్సిందే. 

సీ తిజానీకి మేడమ్ గది నుంచి పిలుపు వచ్చేసరికి నేను టీచర్ల గదిలో కిటికీ దగ్గర ఉన్నాను. వెనక ఏదో ఒలికిన చప్పుడైంది. నెజ్లా పేపరు మీద పైభాగమంతా కాఫీ. చెయ్యి తగిలిందని సీ తిజానీ లబలబలాడి, పేపరు ఆరబెట్టుకుంటూ వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను.

మేడమ్ ముందు ఆయన ప్రశాంతంగా వెనక్కి నడిచాడు. బూటుకన్నా ముందు మేజోడు విప్పబోయే పిల్ల పన్నెండును ముందే సగం చేసి, ఆరులోంచి నాలుగు తీస్తుంది, రెండు వస్తుంది. ఉప్పు రెండుసార్లు వేసే పిల్ల నాలుగును రెండుసార్లు తీసేసి, మిగిలిన నాలుగును సగం చేస్తుంది, మళ్ళీ రెండే వస్తుంది.

"మరి వీళ్ళలో ఎవరు ఏది చేశారు?" అంది మేడమ్.

"పేపరు చెప్పదు మేడమ్. రెండు దారులు కలిసిన చోట నిలబడి వెనక్కి చూస్తే, ఏ దారిన వచ్చారో తెలియదు. దీనికి విలోమం లేదు."

ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. మేడమ్ మరక వైపు చూసి, మళ్ళీ పరీక్ష రాయించండి అంది. ఆ వారమంతా బడి వదిలాక నెజ్లా మేజోళ్ళూ బూట్లూ వేసుకుంటూ విప్పుతూ కూర్చుంది. పిల్ల నెగ్గింది.

శనివారం నా గ్లాసు కడుగుతుంటే ఆయన జబ్బు నాకూ అంటుకుంది. మరక నుంచి వెనక్కి నడిచాను. మరకకు ముందు కాఫీ. కాఫీకి ముందు గ్లాసు. ఆ గ్లాసు నాది, నేను దాన్ని నా సొరుగు పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆయనేమో కాఫీ ముట్టడు. పైగా మరక పడింది సరిగ్గా పేరు రాసే చోట.

"మాస్టారూ, ఆ మరక కింద ఏముంది?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "దొర్సాఫ్ పేరు. జవాబుతోపాటు పేరు కూడా ఎక్కించేసి, కొట్టేసి, పక్కన తన పేరు రాసుకుంది పిచ్చిది."

నవ్వు ఆపుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఒలికిన కాఫీని వెనక్కి ఎత్తలేమని మీరేగా అన్నారు మాస్టారూ, అన్నాను.

"అందుకే ఒలకబోశాను," అన్నాడు సీ తిజానీ, టీలోంచి గింజ ఏరుకుంటూ.