ఇంకా సగం కూడా అవ్వలేదు

బీరువా తలుపుకు అంటించిన గ్రాఫు కాగితం మీద స్వర్ణ ఆ రోజు కూడా సున్నా దగ్గరే చుక్క పెట్టింది. అడ్డంగా తేదీలు, నిలువుగా రాసిన లైన్లు. మొదటి వారం గీత పది దగ్గర బుద్ధిగా నడిచింది. రెండో వారంలో జారడం మొదలుపెట్టింది. ఇప్పుడు పన్నెండు రోజులుగా నేలను కరుచుకుని పడుకుంది. బడిలో ఫిజిక్సు చెప్పే మనిషికి ఆ గీత ఏమంటోందో ఇంకొకరు విడమర్చనక్కర్లేదు.

ఆమె రాస్తున్నది అమ్మమ్మ దేవమణి జీవిత చరిత్ర.

పాతపట్నంలోని వాళ్ల బాప్టిస్టు సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే సమాధి చేసే ముందు వాళ్ల జీవిత చరిత్ర చదువుతారు. శవపెట్టె వచ్చేలోపల సంఘపెద్ద థామస్ ఇంటి అరుగు మీద కూర్చుని, ఏడుస్తున్నవాళ్లనే తేదీలు అడిగి, ఒక తెల్లకాగితం నింపేస్తాడు. ఫలానా ఏట జన్మించిరి, ఫలానా ఏట బాప్తిస్మము పొందిరి, వివాహమాడిరి, ప్రభువునందు నిద్రించిరి. స్వర్ణకు పదేళ్లప్పుడు వాళ్లమ్మకూ అలాగే చదివారు. తర్వాత ఆ కాగితం తీసి లెక్కపెడితే పదకొండు లైన్లున్నాయి. అందులో రెండు డాక్టర్లకూ పాస్టరుగారికీ వందనాలు. అంటే అమ్మ తొమ్మిది లైన్లు. ఆ కాగితం ఇప్పటికీ బైబిలు మధ్యలో ఉంది. అమ్మ ఎలా నవ్వేదో అందులో లేదు. స్వర్ణకూ ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు.

ఆ నవ్వు తెలిసిన మనిషి ఇక దేవమణి ఒక్కతే. మిషను ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు కాన్పులు చేసిన నర్సు. కూతురు పోయాక మనవరాలిని పెంచింది. ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. మొదట పొయ్యి మీది పాలను మర్చిపోయేది, ఇప్పుడు పాలు అనే మాటనే వెతుక్కుంటోంది. రాజాంలో ఉద్యోగానికి సెలవు పెట్టి, ఎనిమిది నెలల షారోన్‌ను చంకన వేసుకుని వచ్చిన స్వర్ణకు ఆ సంగతి వచ్చిన పూటే అర్థమైంది. భర్త రాబర్ట్‌ది రాజాంలోనే కాలేజీ ల్యాబులో పని, శనివారాలు వస్తాడు. స్వర్ణ బజారుకు వెళ్లి రెండు వందల పేజీల పొడుగు నోటుబుక్కు కొనుక్కొచ్చింది. రోజుకు పది లైన్లు. పాప పడుకున్నప్పుడు, మధ్యాహ్నం.

మొదటి వారంలో ఒకరోజు అదృష్టం తలుపు తట్టింది. మహేంద్రతనయ నది పొంగిన ఏడాది, అవతలి ఊరి నుంచి కాన్పుకు కబురొస్తే, చెప్పులు కొంగున కట్టుకుని ఎద్దు తోక పట్టుకుని ఏరు దాటానని దేవమణి చెప్పింది. "దాని తోక పట్టీసుకున్నానే. అది తన్నుతాదని బయం ఒకేపు, వొదిలీస్తే సముద్రంలో తేల్తానని బయం ఒకేపు," అని నవ్వింది. ఆ ఇంటావిడ కడుపులో పిల్ల అడ్డం తిరిగి ఉందట. సరిగ్గా అక్కడ షారోన్ దగ్గింది. స్వర్ణ పెన్ను పడేసి పరిగెత్తి, ఫోనులో టైమరు పెట్టి, పాప ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి యాభై నాలుగు. పాపకు తరచూ ఆయాసం వస్తుంది, యాభై దాటితే తీసుకురమ్మని డాక్టరు చెప్పాడు. ఆటో, నెబ్యులైజరు, సాయంత్రం. తిరిగొచ్చి "ఆ తర్వాత?" అని అడిగితే దేవమణి ముఖం కడిగిన పలకలా ఉంది.

అప్పటినుంచి ఏమడిగినా ఒకటే జవాబు. చేతులు ఒళ్లో పెట్టుకుని, గొంతు మార్చి మొదలుపెడుతుంది. "పదహారవ యేట నేను బాప్తిస్మము పొందితిని. రోగులకు పరిచర్య చేయుటకు ప్రభువు నన్ను పిలిచెను..." దేవుడు తనను ఎలా నడిపించాడో నలభై ఏళ్లుగా చర్చి స్త్రీల సమాజంలో చెప్పిన సాక్ష్యం అది. మిగతావన్నీ రాలిపోతుంటే అది మాత్రం అక్షరం చెదరకుండా నిలిచింది.

"అది కాదమ్మమ్మా. మా అమ్మ చిన్నప్పుడు ఎలాగుండేదో చెప్పు."

"ప్రభువు నాకొక కుమార్తెను అనుగ్రహించెను."

నోటుబుక్కు వెనక పేజీల్లో స్వర్ణ పాప ఊపిరి లెక్కలు రాసుకునేది. ఉదయం నలభై ఆరు, మధ్యాహ్నం నలభై తొమ్మిది. ముందు పేజీలకంటే వెనక పేజీలే తొందరగా నిండుతున్నాయి. రాబర్ట్ ఫోనులో, "పది అవ్వకపోతే అయిదు రాయి," అన్నాడు. ఆ మాట మంచికే అన్నాడు. అయిదుకు మాత్రం సరుకేదీ?

ఇంతలో థామస్ వచ్చాడు.

"ఒసే స్వర్ణా, బతికున్న మనిసికి సరిత్ర రాసేస్తన్నావట! నా పని లాగీసుకుంతావేటే?"

"ఇది చదవడానికి కాదు మావా. దాచుకోడానికి."

"దాసుకో, ఎవులొద్దన్నారు? డేట్లు మాత్తరం నాకో కాయితం మీద రాసిచ్చీ. రేపొద్దున్న ఆ గోలలో ఎవుల్ని అడగాల నేను?"

ఆ మాట అన్నది దేవమణి మంచం పక్కనే. ఆయన బుధవారం ప్రార్థన కూడికలో మళ్లీ అన్నాడు. గురువారం నుంచి జనం రావడం మొదలైంది. ఆ సంఘంలో చరిత్ర రాస్తున్నారంటే ఒకటే అర్థం. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు పట్టుకుని, గుమ్మంలోనే గొంతు తగ్గించి, ఒకరి తర్వాత ఒకరు కడసారి చూపుకు వచ్చారు. ఎదురింటి కిరాణాకొట్టు అప్పలనరసమ్మ కూడా వచ్చి, "మీ వోల్లకి ముందే రాసీసుకుంతారా అమ్మా? మంచిదేలే. మావోల్లకైతే పోయినాక కూడా ఎవులూ రాయరు," అని కొంగుతో కళ్లొత్తుకుంది. వచ్చిన ప్రతివాళ్లకూ దేవమణి సాక్ష్యం చెప్పింది. చెప్పినకొద్దీ అది ఇంకా గట్టిపడింది.

ఆదివారం ఆమె సమాధికని దాచుకున్న తెల్లచీరను ట్రంకుపెట్టెలోంచి తీయించి కుర్చీ మీద పెట్టించుకుంది. సోమవారం అన్నం వద్దంది.

"ఏం, ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉన్నాది. నాకు రాసీసినారు గదే. రాసీసినాక కూడా కూకోని తింతా ఉంటే బాగుంతాదేటి?"

స్వర్ణ మొదట నవ్వింది. మంగళవారానికి ఆ నవ్వు పోయింది. గంజి గ్లాసు నోటికి పెడితే దేవమణి పళ్లు బిగించింది. ఎంతమందికో ప్రాణం పోసిన ఆ చేతులు గ్లాసును మర్యాదగా పక్కకు జరిపాయి. అవతల గదిలో పాప గురకలా ఊపిరి తీస్తోంది, ఇవతల ఈమె. ఒక్క మనిషికి ఉన్నవి రెండు కళ్లు, ఒక టైమరు. తను చేసిన పనేమిటి? అమ్మమ్మను దాచుకుందామని పెన్ను పట్టుకుని, ఆమెను చావడానికి కూర్చోబెట్టింది. స్వర్ణ నోటుబుక్కు తీసుకెళ్లి బియ్యం డబ్బాలో కూరేసింది. గ్రాఫు కాగితం పీకేసింది.

"రాయడం మానేశానమ్మమ్మా. ఇంక రాయను. తిను."

దేవమణి తేలిగ్గా నిట్టూర్చింది. "అయిపోనాది గావాల. అయిపోతేనే గదా మానీడం."

అప్పుడు స్వర్ణకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "అవ్వలేదు! సగం కూడా అవ్వలేదు! నీకింకా పెళ్లే అవ్వలేదందులో!"

దేవమణి తల తిప్పి చూసింది.

"ఓలమ్మో. ఇంకా పెల్లే అవ్వలేదేటి? కానుపులు? ఆస్పత్రి? మీ యమ్మ? అదంతా ఎప్పుడు రాస్తావే?"

"రోజుకి పది లైన్లే అవుతాయి నాకు."

"బద్దకం." లెక్క వేస్తున్నట్టు వేళ్లు మడిచింది. "అయితే ఇంకా సేన్నాల్లు పడతాది. ఆ గంజి ఇలా తే."

నోటుబుక్కు బియ్యం డబ్బాలోంచి బయటికొచ్చింది, గ్రాఫు కాగితం మళ్లీ బీరువాకెక్కింది. ఆ పూటనుంచి పని తలకిందులైంది. పది లైన్లు రాసి తీరాలి, ఎందుకంటే మధ్యాహ్నం ముద్ద ముట్టేముందు దేవమణి "ఎక్కడికొచ్చినాది?" అని అడుగుతుంది. చరిత్ర మాత్రం పూర్తి కాకూడదు. గీత మళ్లీ పది దగ్గరికి ఎక్కింది. చూసినవాళ్లు అంతా సవ్యంగా ఉందనుకుంటారు. రాయడానికి ఏముందని? ఉన్నదే రాసింది. అమ్మమ్మ ఈరోజు మూడు ముద్దలు తిన్నది. షారోన్ వేలు పట్టుకుని గోళ్ల రంగు చూసింది, నర్సులు చూసినట్టు. నన్ను మా అమ్మ పేరుతో పిలిచింది, నేను పలికాను. పెళ్లి దాకా కథను రానివ్వకుండా, పదహారో ఏటి చుట్టూనే తిప్పుతూ రాసింది. వెనక నుంచి ఊపిరి లెక్కలు ముందుకు వస్తున్నాయి. ఇదే వేగంతో రెండూ ఏ తేదీకి కలుస్తాయో స్వర్ణ ఒకసారి లెక్క వేసింది. జవాబు వచ్చాక దాన్ని కొట్టేసింది.

జులైలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం స్వర్ణ కంచం పట్టుకుని వచ్చి, ఎప్పుడూ అడిగే ప్రశ్న కోసం ఆగింది. దేవమణి నోటుబుక్కు వైపు చూసింది.

"ఎవుల సరిత్రే అది?"

స్వర్ణ కంచం కింద పెట్టింది. "దేవమణి అని... ఒకావిడది."

"ఏటి సేసీదామె?"

స్వర్ణ నోటుబుక్కు తెరిచి, మొదటి వారపు పేజీ చదివింది. పొంగిన ఏరు, కొంగున కట్టిన చెప్పులు, ఎద్దు తోక. దేవమణి నోరు తెరుచుకుని విన్నది. ఎద్దు దగ్గర పకపకా నవ్వింది.

"దైర్నం గల మనిసే. ఆ గుంట బతికినాదేటి?"

పేజీ అక్కడితో ఆగింది. కింద సగం లైను ఖాళీగా ఉంది. ఆ రోజు పాప దగ్గిన చోటు. ఆ పిల్ల బతికిందో లేదో తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని, తననే అడుగుతోంది.

బతికిందని చెప్పొచ్చు. చూడనిది ల్యాబు నోటుబుక్కులో రాయొద్దని బడి పిల్లలకు ఇన్నేళ్లు చెప్పిన నోరు లేవలేదు.

"రేపు చెప్తానమ్మమ్మా. ముందు తిను."

దేవమణి ముద్ద తీసుకుంది. నములుతూ వేలు చూపించింది. "రేపు తప్పకుండా సెప్పు. మరిసిపోకు."

తిన్నాక ఆమె నిద్రపోయింది. అవతల షారోన్ నిద్రలో దగ్గింది. స్వర్ణ లేవబోయి, చెవి పెట్టి, పాప ఊపిరి మనసులోనే లెక్కపెట్టుకుంది. నలభై ఎనిమిది. మళ్లీ కూర్చుంది. ఆ రోజు పేజీలో, ఏటి అవతల ఊళ్లో పుట్టిన పిల్ల బతికిందా అని రాసింది.

ఒక లైను అయింది. ఇంకా తొమ్మిది.