సిడ్నీలో ఇంగ్లీషు బ్యాండుకు మా నాన్న కొట్టిన వన్స్ మోర్

వై2కెతో, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పి ఆగిపోతాయని, కొంప మునుగుతుందని మా ఆఫీసంతా నెలల తరబడి గుండెలు అరచేత పట్టుకుని కూర్చుంది. ఏమీ మునగలేదు. సెలవు మిగిలింది కాబట్టి తెనాలి నుంచి నాన్నను సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లోని మా ఇంటికి రప్పించుకున్నాను. నాటకాల్లో కృష్ణుడి పద్యాలకు పేరున్న మనిషి. జీవితమంతా పక్కన హార్మోనియం వాయించిన మాస్టారు పోయాక గొంతు విప్పడం మానేశారు. ఆ గొంతు ఇక వినలేనేమోనని నాకు భయం. ఏదో ఒక సంగీతం చెవిన పడితే చాలనుకుని, సిడ్నీకి వచ్చిన ఇంగ్లీషు రాక్ బ్యాండుకు రెండు టికెట్లు కొన్నాను. ఒక్కో టికెట్టుకు వారం సరుకుల డబ్బు పోయింది.

మధ్యాహ్నం భోంచేసి రైలెక్కితే గంటలోపే సెంట్రల్ స్టేషన్. దారిలో బ్యాండు కథ చెప్పాను. కుర్రతనంలో అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్ రికార్డులు అరిగేదాకా విని వాయించడం నేర్చుకున్నారనీ, ఒకడు చిన్నవయసులోనే పోయాడనీ, మిగిలినవాళ్లు తల నెరిసినా ఆడుతూనే ఉన్నారనీ.

"పత్తిచేలల్లో కూలీలు పాడుకున్న పాటలు నాన్నా అవి," అన్నాను.

నాన్న కిటికీలోంచి చూస్తూ "ఊఁ" అన్నారు. అంతే.

స్టేషన్ నుంచి కచేరీ జరిగే పార్కుకు పావుగంట నడక. మొదట్లో ఆ హోరుకు నాన్న చెవులకు కండువా చుట్టుకున్నారు. నా డబ్బు మంటగలిసిందనుకున్నాను. అప్పుడు మిగతావాళ్లంతా వాయించడం ఆపేస్తే, గాయకుడు ఒక్క గిటారుతో నెమ్మదైన బ్లూస్ అందుకున్నాడు. ఒక మాట అంటాడు, అదే మాట మళ్లీ అంటాడు, మూడోసారి అసలు బాధ చెబుతాడు. నాన్న కండువా తీసేశారు. చప్పట్లు సద్దుమణుగుతుండగా లేచి, "వన్స్ మోర్" అని కేకేశారు.

మా వైపు పద్యం బాగుంటే వన్స్ మోర్ కొడతారు, చచ్చిపడున్న పాత్ర కూడా లేచి మళ్లీ పాడాల్సిందే. ఇక్కడ చేస్తారా ఎవరైనా? "కూర్చోండి నాన్నా, గెంటేస్తారు," అని చొక్కా లాగాను.

"ఉండమ్మాయ్. బాగా పాడినోణ్ణి ఊరికే పోనిస్తారా?"

పక్కన బీరు తాగుతున్న పెద్దాయన "నో వర్రీస్, లవ్" అని, ఏం పర్లేదమ్మా అన్నట్టు నవ్వి, తనూ అదే కేక పెట్టాడు. వెనక వరసలూ అందుకున్నాయి. గాయకుడు మా వైపు చూసి, నిజంగానే మొదటి నుంచి మళ్లీ పాడాడు.

తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడు నాన్న అడిగారు. "వాళ్లలో ఒకడు పోయాడన్నావే. ఆ తర్వాత కూడా పాడారా?"

"పాడారు నాన్నా."

"ఎట్లా పాడారో," అన్నారు. అంతమంది మధ్య, కళ్లు మూసుకుని పద్యం ఎత్తుకున్నారు. మధ్యలో రాగం ఆపి, ఎడమవైపు తల తిప్పి ఎదురుచూశారు. అక్కడ హార్మోనియం జవాబివ్వాలి. నాన్న మిగతా పాదం ఒక్కరే ముగించారు.

ముసలాళ్ల బ్యాండుకు ఇంకా జనం ఎందుకు ఎగబడతారని అప్పట్లో ఆఫీసులో వాదించేదాన్ని. ఆ రోజు తర్వాత వాదించలేదు. తోడు పోయాక పాడటం ఎంత కష్టమో, ఆ పాట వినడానికి మనిషి ఎంత ఆశపడతాడో నాకు తెలిసింది. మీరు అలాంటి కచేరీకి వెళ్లేటట్టయితే కారు తీయకండి, రైల్లోనే వెళ్లండి. తిరుగు రైలు తప్పినా కంగారుపడొద్దు, వస్తూనే ఉంటాయి. నాన్న పాడుతుంటే మేం మూడు వదిలేశాం.